దుప్పటి లేని మడత

ఆ రోజు పొద్దున మొదటిసారిగా ఆమె బొమ్మలు బతికాయి.

రెండే బొమ్మలు. యానిమేషన్ నేర్చుకునేవాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే రకం. లోపల ఎముకలూ కీళ్ళూ ముందే అమర్చి ఉంటాయి, పైన ముఖం ఉండదు, జుట్టు ఉండదు. వాటిని కదిలించడమే మనం నేర్చుకోవాల్సిన విద్య. పనికి వెళ్ళేముందు దొరికే ఆ కాస్త వేకువ వేళలో, ఎవరూ నేర్పకుండానే, ఆమె వాటిని నడిపించింది, గెంతించింది, కుర్చీలో కూర్చోబెట్టి లేపింది. ఏం చేయించినా అవి గాలి బుడగల్లాగే చేశాయి. ఉద్యోగం కోసం పంపిన ప్రతిచోటి నుంచీ వచ్చిన జవాబు ఒకటే: కదలిక ఉంది గానీ ప్రాణం లేదు. ఆ మాట చదివిన రోజున అన్నం సయించేది కాదు.

ఇప్పుడు తెరమీద ఆ రెండు బొమ్మలూ ఎదురెదురుగా నిలబడి దుప్పటి మడత పెడుతున్నాయి. దుప్పటి మాత్రం లేదు. గుడ్డని కదిలించడం ఆమెకి ఇంకా చేతకాదు, ఆ పాత కంప్యూటర్‌కి అసలే చేతకాదు. అందుకని వదిలేసింది. ఖాళీ చేతులతోనే అవి అంచులు అందుకుంటున్నాయి, విదిలిస్తున్నాయి, ఒకదాని దగ్గరికి ఒకటి నడిచి చేతిలోది చేతికి ఇచ్చుకుంటున్నాయి. చూడగా చూడగా లేని దుప్పటి కూడా కనిపిస్తోంది.

"నాన్నా, ఒక్కసారి ఇటు రావా?"

తండ్రి టీ గిన్నె కింద మంట తగ్గించి, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటూ వచ్చాడు. కాసేపు వంగి చూశాడు.

"ఈ కుడివైపుది పెద్ద వయసు మనిషి. ఆడమనిషి."

"ముఖమే లేదుగా, నీకెలా తెలిసింది?"

"ఏమోనమ్మా. ఎక్కడో చూసిన మనిషిలా ఉంది. పలకరించబోయాను" అని నవ్వేసి, టీ పొంగుతుంటే పరుగెత్తాడు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు సంతోషంతో వచ్చినది కాబట్టి ఆపుకోలేదు.

ఆమె పనిచేసేది ఆస్పత్రుల బట్టలు ఉతికే పెద్ద లాండ్రీలో. ఉతికి ఆరిన దుప్పట్లు ఇస్త్రీ రోలర్ల మధ్య నుంచి కాలిపోతున్న అప్పడంలా జారి బల్ల మీదికొస్తాయి. బల్లకి ఇద్దరు. చెరో రెండు కొసలూ పట్టుకుని, చేతులు తలకన్నా పైకెత్తి ఒక్క విదుపు విదిలించి, కొసకి కొస కలపాలి. అప్పుడు ఎదురొచ్చి ఒకరు అందిస్తే రెండోవాళ్ళు అందుకుని, వంగి, సగం చేసి, మళ్ళీ సగం చేసి పక్కనున్న దొంతర మీద పెట్టాలి. ఈలోగా రోలర్లు ఇంకో దుప్పటి కక్కేస్తాయి. ఊపిరి తీసుకోవడం కూడా దుప్పటి లెక్కకే.

మూడో బల్ల దగ్గర ఆమెకి జోడీ, హాలంతా మడతలక్క అని పిలిచే పెద్దామె. ఆ హాల్లో అందరికంటే పాత మనిషి. ఆమె పెట్టిన మడతకి ఒక్క ముడత ఉండదు. వచ్చే ఏడు రిటైరవుతుంది. అప్పటిదాకా ఉంటేనే పింఛను. మధ్యలో వెళ్ళిపోతే ఉత్త చేతులే. అక్క ఒంటరిది. ఉన్నదల్లా ఒక అద్దెగది, ఈ బల్లా.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నాక ఆమె ఫోన్‌లో బొమ్మల్ని చూపించింది. నాలుగో బల్ల వాగుడుకాయ అందరికంటే ముందు ఫోన్ లాక్కుంది.

"అయ్యో, వీటికి బట్టలేవే? లాండ్రీలో పనిచేస్తూ ఒక్క గుడ్డముక్క తొడిగించలేకపోయావా?" అంది. అందరూ ఘొల్లుమన్నారు. తర్వాత ఒక్క క్షణం చూసి, కెవ్వుమంది. "ఓసినీ! ఇది అక్కే! అక్కా, చూడవే, అచ్చం నువ్వే! అలా వెనక్కి వచ్చేటప్పుడు ఎడమకాలు ఎలా జరిపిందో చూడు!"

ఫోన్ చేతులు మారింది. ముఖం లేని బొమ్మని ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరూ గుర్తుపట్టారు. మడతలక్క కూడా చూసి, "నేనింత గునుస్తూ నడుస్తానా?" అని నవ్వింది. ఆ నవ్వుల మధ్య ఆమె తల తిరిగినట్టయింది. ఇన్నాళ్ళ వేకువజాములకీ అదే జీతం.

ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, వెనకనుంచి సూపర్‌వైజర్ కూడా తొంగిచూశాడు. చెడ్డవాడు కాదు. నవ్వాడు కూడా.

"బాగుందమ్మాయ్. కానీ ఒకచోట తప్పు చేశావు. ఈ బొమ్మ కుడిచెయ్యి చూడు, భుజం దాటి లేవడం లేదు. రెండోదానికి రెండు చేతులూ లేస్తున్నాయిగా."

అవును సార్, దిద్దుతాను అంటే అయిపోయేది. కానీ తప్పు అన్న మాట ఆమెకి సూదిలా గుచ్చుకుంది.

"తప్పు కాదు సార్! అది పట్టుకోవడానికే నాకు నెలపైన పట్టింది. అక్క ఆ చెయ్యి ఎత్తదు. చూడండి, ఇక్కడ మోకాలు కాస్త వంచి, నడుము తిప్పుతుంది. దాంతో చెయ్యి లేచినట్టే ఉంటుంది. దుప్పటి అడ్డం ఉంటుంది కాబట్టి మీకెవరికీ కనపడదు. దుప్పటి తీసేస్తే..."

అక్కడికి ఆమె నోరు దానంతటదే ఆగింది.

నవ్వులు ఆగిపోయాయి. మడతలక్క డబ్బాకి మూత పెట్టుకుంటోంది. మూత సరిగ్గా కూర్చోవడం లేదు. తీసి మళ్ళీ పెట్టింది.

భుజం పైకి చెయ్యి లేవని మనిషిని మడత హాల్లో ఉంచరు. వెనకెప్పుడో పై అరలోంచి బట్టల కట్ట జారి, చెయ్యి అడ్డం పెట్టలేని ఒకామె మెడ మీద పడింది. అప్పటినుంచి అదీ నియమం. హాల్లో అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు.

సూపర్‌వైజర్ అక్కడినుంచి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పని మొదలయ్యాక వచ్చి, ఎటో చూస్తూ, "అక్కా, పై అరలో ఆ కట్ట ఒకటి అందుకుంటారా?" అన్నాడు.

మడతలక్క ఎడమచెయ్యి చాపింది.

"రెండు చేతులతో అక్కా. పెద్ద కట్ట."

కుడిచెయ్యి భుజం దాకా వచ్చింది. అక్కడ, ఎవరో పట్టుకుని ఆపినట్టు ఆగిపోయింది. అక్క పెదవులు బిగించింది. నుదుటిమీద చెమట పట్టింది. అయినా చెయ్యి కదల్లేదు. "సరే సరే, ఉండనివ్వండి" అన్నాడు అతను, తనే తప్పు చేసినట్టు. కట్ట తనే దించి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఆ కట్టతో ఎవరికీ పని లేదు.

సాయంత్రం బీరువాల గదిలో ఏప్రన్లు విప్పేటప్పుడు ఆమె వెళ్ళి అక్క ముందు నిలబడింది.

"అక్కా... నేను కావాలని..."

"ఎన్నాళ్ళనుంచి చూస్తున్నావు?" అంది మడతలక్క. గొంతులో కోపం లేదు. అదే భయమేసింది.

"చాలా రోజులనుంచి."

"ఎక్కడ ఆగుతుందో చూశావు. ఏ మోకాలు వంచుతానో చూశావు. నాకే తెలియనివి కూడా చూశావు." ఏప్రన్ ఎడమచేత్తో మడిచి సంచిలో పెట్టుకుంది. "నొప్పి పెడుతోందా అని మాత్రం ఒక్కసారీ అడగాలనిపించలేదు కదే నీకు?"

అక్క వెళ్ళిపోయాక ఆమె అక్కడున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. నిజమే. ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆ చెయ్యి ఆగినప్పుడల్లా ఆమెకి అనిపించింది ఒక్కటే: ఎంత బాగుంది!

మర్నాడు వేకువనే కంప్యూటర్ ముందు కూర్చుని, బొమ్మ కుడిచేతిని పైకెత్తింది. మోకాలు నిలబెట్టింది. నడుము సరిచేసింది. కాస్సేపట్లో అయిపోయింది. పాడుచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది గనక! ఆడించి చూస్తే కొయ్యబొమ్మ ఒకటి వ్యాయామం చేస్తున్నట్టుంది. తండ్రి వెనకనుంచి చూసి, "నిన్నటి ఆవిడ ఏదమ్మా?" అని అడిగాడు. ఆమె దాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకుంది.

సూపర్‌వైజర్ గది అని పేరేగానీ అది రెండు బీరువాల మధ్య వేసిన కుర్చీ. ఆమె ఫోన్ అతని ముందు పెట్టింది.

"మీరన్నదే నిజం సార్. నాదే తప్పు. దిద్దాను. అక్కకి నిన్న మెడ పట్టేసిందంతే."

అతను పూర్తిగా చూశాడు. రెండోసారి కూడా చూశాడు.

"ఇది ఎవరూ కాదు" అన్నాడు మెల్లగా. "నిన్నటిది చూడగానే హాలంతా గుర్తుపట్టింది. దీన్ని తీసుకెళ్ళి చూపించు, ఎవరైనా గుర్తుపడతారేమో."

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆవిడ ఏడాదిలో వెళ్ళిపోతుంది."

"నాకు తెలియదనుకున్నావా?" అతని గొంతు ఒక్కసారి లేచి, పక్కనెవరైనా విన్నారేమోనని తగ్గింది. "చూడనంతవరకు నేనూ సుఖంగానే ఉన్నాను. చూశాక, రేపు ఆ అరలోంచి ఏదైనా ఆవిడ మీద పడితే? ఇంటికెళ్ళి నా పిల్లల మొహం ఎలా చూడను?" ఫోన్ ఆమె వైపు జరిపాడు. "పేరు చెప్పలేదు. మూడో బల్లలో ఎవరిదో చెయ్యి బాగాలేనట్టుందని మాత్రం మేనేజర్ మేడమ్‌కి చెప్పాను. రేపు ఆవిడే వచ్చి చూస్తుంది. నన్నడిగితే అబద్ధం ఆడను. అడక్కపోతే... వెళ్ళు. రోలర్లు ఆగవు."

ఆ రోజంతా మడతలక్క ఒక్క మాట మాట్లాడలేదు. కొసలు కలిపేటప్పుడు ఇద్దరి వేళ్ళూ తగులుతాయి. అవి కూడా తగలకుండా అందించింది. వాగుడుకాయ రెండు మూడుసార్లు ఏదో హాస్యం చెయ్యబోయి, ఎవరూ అందుకోకపోయేసరికి ఊరుకుంది. ఎదుటి మనిషి ముఖం దుప్పటి లేచినప్పుడు మాయమై, దిగినప్పుడు కనిపిస్తోంది. ప్రతిసారీ ఆ ముఖం కాస్త ముసలిదైనట్టు ఆమెకి తోచింది.

ఇంటికొచ్చి మంచం మీది దుప్పటి లాగింది.

"నాన్నా, ఆ కొస పట్టుకో."

"ఇంట్లోనూ ఇదే పనా తల్లీ?"

"పట్టుకో నాన్నా. నీకు దండం పెడతాను."

తండ్రి ఆమె ముఖం చూశాడు. కొసలు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కుడిచేతిని భుజం దగ్గరే ఆపేసి, నడుము తిప్పి, ఎడమ మోకాలు వంచి విదిలించింది. ఎముక ఎముకా లెక్కపెట్టి బొమ్మచేత చేయించిన పని అది. తన ఒంటితో ఎప్పుడూ చెయ్యలేదు. పదిసార్లయినా మడవకుండానే తొంటి దగ్గర మంట మొదలైంది. ఇంకాసేపటికి మోకాలు వణికింది. చెయ్యి ఎత్తకుండా ఆపడానికి ఒళ్ళంతా చెయ్యిగా మారాల్సి వస్తోంది. రోజంతా, సంవత్సరాల తరబడి, ఎదురుగా ఒక మనిషి ఇది చేస్తూ కబుర్లు చెప్పింది, జోకులేసింది, తను నిద్రలేమితో తూలిన రోజుల్లో తన వైపు బరువు కూడా లాగింది.

ఆమె దుప్పటిలో ముఖం పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. తండ్రి తన వైపు కొసలు వదలకుండా, చేతులు నొప్పెడుతున్నా, ఆమె లేచేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

మూడోరోజు రోలర్లు వేడెక్కకముందే ఆమె మూడో బల్ల దగ్గరుంది. మడతలక్క రాగానే చెప్పేసింది. "అక్కా, మేడమ్‌కి పేరు తెలియదు. నేను కూడా నీలాగే మడత పెడతాను. ఇద్దరం ఒకేలా చేస్తే, ఈ బల్ల పద్ధతే ఇది అనుకుంటుంది."

"బొమ్మచేత చేయించింది చాల్లేదా? ఇప్పుడు నా ముందే వెక్కిరిస్తావా?"

"నొప్పెడుతుందక్కా. తొంటి దగ్గర. రాత్రంతా మంటపుట్టింది. నీకెలా ఉంటుందో..."

మడతలక్క ఆమె తొంటి వైపు చూసింది. తర్వాత బల్లమీదున్న పాత దుప్పటి అందుకుని రెండు కొసలు ఆమె వైపు విసిరింది.

"ఏదీ, చెయ్యి."

ఎదురుగా ఉన్న అక్కని చూస్తూ చేయబోయి, ఆమె చేతులు తారుమారు చేసింది.

"ఛీ, అది కాదు. అద్దంలో బొమ్మలా ఎడమచెయ్యి దించావేంటి? ఇద్దరం ఒకే అంచు దించితే గుడ్డ నేలకి రాసుకోదూ? నాలాగే కుడిదే దించు. ఊఁ. మోకాలు ముందు, నడుము తర్వాత. చెయ్యి అన్నిటికంటే చివర." కాసేపు చూసి, "ఊపిరి బిగబట్టకు, చచ్చిపోతావు" అంది. అది రెండు రోజుల్లో ఆమె విన్న మొదటి మంచి మాట.

మేనేజర్ మేడమ్ రోలర్లు పూర్తిగా వేడెక్కాక వచ్చింది. వెనక సూపర్‌వైజర్. ఆవిడ మూడో బల్లకి కాస్త దూరంలో నిలబడి చేతులు కట్టుకుంది. దుప్పటి జారింది. ఇద్దరూ అందుకున్నారు. మోకాలు, నడుము, చెయ్యి. విదుపు. కొసకి కొస. ఇంకో దుప్పటి. ఆమె ఒంట్లో ప్రతి కీలూ ఆవిడ చూపు కింద ఉంది. యానిమేషన్ పాఠాల్లో ఒక మాట పదేపదే చెబుతారు: నిజం ఎంతుందో అంతే చేస్తే తెరమీద ఆనదు, పిసరంత ఎక్కువ చెయ్యాలి, అప్పుడే చూసేవాళ్ళకి అందుతుంది. ఏళ్ళ తరబడి వంటబట్టించుకున్న అలవాటది. తనకి తెలియకుండానే ఆమె ఆ పిసరు కలిపింది. నడుము ఇంకాస్త తిప్పింది, భుజం ఇంకాస్త వాల్చింది. ఎదురుగా మడతలక్క మాత్రం ఏళ్ళుగా దాచిపెట్టడమే పనిగా చేసిన మనిషి. ఆమెలో ఏమీ కనపడలేదు.

"ఆగండి" అంది మేడమ్. రోలర్లు ఆపించింది. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. "ఈ అమ్మాయేగా మీరు చెప్పింది?"

ఆవిడ వేలు ఆమె వైపు చూపిస్తోంది.

సూపర్‌వైజర్ అవునన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు, తల ఒకలా కదిలించాడు.

"కుడిచెయ్యి పైకెత్తమ్మా."

ఎత్తితే ఎంతసేపు? హాయిగా లేస్తుంది. ఇదిగో మేడమ్, నాకేం లేదు అని నవ్వొచ్చు. ఆ మరుక్షణం ఆవిడ చూపు బల్లకి అవతలి వైపు తిరుగుతుంది. ఇంట్లో మంచం మీది దుప్పటి సర్దుకుంటూ ఉండే తండ్రి గుర్తొచ్చాడు. కరెంటు బిల్లు కట్టకపోతే తెరుచుకోని కంప్యూటర్ గుర్తొచ్చింది. ఈ పని పోతే పొద్దున్నే లేచి బొమ్మలతో కూర్చోవడానికి ఏం మిగులుతుందో తెలియలేదు.

మడతలక్క పెదవులు కదిలాయి. "మేడమ్, అది..."

"అక్కా, మీరు మీ పని చూసుకోండి" అన్నాడు సూపర్‌వైజర్, అంతకుముందెన్నడూ ఎరగనంత కరుకుగా. అతని కళ్ళు నేలమీదున్నాయి.

ఆమె చెయ్యి లేపింది. ఈసారి పిసరు కూడా ఎక్కువ చెయ్యలేదు. మోచెయ్యి కదిలింది, చెయ్యి భుజం దాకా వచ్చింది. అక్కడ, మొన్న మధ్యాహ్నం పై అర కింద అక్క చెయ్యి ఆగినచోటే, ఆగింది. వేళ్ళు మాత్రం ఇంకాస్త పైకి పాకబోయి, వణికి, ముడుచుకున్నాయి. పెదవి బిగిసింది. ఆ చెయ్యి ఎంత బరువో హాలు హాలంతా చూసింది.

"ఇంత చిన్న వయసులో" అంది మేడమ్, నిజంగానే జాలిపడుతూ. "చూపించుకో అమ్మా. బాగైతే రా, చూద్దాం. నియమం నా చేతిలో లేదు."

రోలర్లు మళ్ళీ తిరిగాయి. ఆమె ఏప్రన్ విప్పుతుంటే దుప్పటి జారి బల్లమీద పడింది, మడతలక్క ఒక్కతే కొసలు పట్టుకుని నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నాలుగో బల్లనుంచి వాగుడుకాయ గబగబా వచ్చి అవతలి కొసలు అందుకుంది. మోకాలు వంచింది, నడుము తిప్పింది. కుడిచెయ్యి చివర. పొద్దున్నుంచి ఎంతలా చూసిందో, ఒక్కటీ తప్పలేదు. నోటివెంట ఒక్క మాట రాలేదు.

బయట ఎండ చురుక్కుమంటోంది. ఆమె సంచి ఎడమ భుజానికి తగిలించుకుని, కుడిచెయ్యి వేలాడేసుకుని గేటు దాటింది. నాన్నకి ఏమని చెప్పాలి? రేపు పొద్దున ఏ గంటకి లేవాలి, ఎందుకు లేవాలి? కాళ్ళు వాటంతటవి బస్టాపు దాకా నడిచాయి. ఎదురుగా రోడ్డుకి అవతల లాండ్రీ మేడ, పైన మేనేజర్ గది కిటికీలు. వాటి వెనక ఎవరైనా ఉన్నారో లేదో అద్దాల మెరుపులో తెలియడం లేదు.

మలుపు తిరిగి బస్సు వచ్చింది. ఎడమ భుజాన సంచి, ఎడమచేతిలో టిఫిన్ డబ్బా. కుడిచెయ్యి లేవబోయింది. ఆమె దాన్ని ఆపింది. బస్సు వేగం తగ్గలేదు. దుమ్ము కొట్టి ముందుకి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి తనది కాదన్నట్టు తొడకి ఆన్చి పట్టుకుని, ఆమె బస్సు వెనక భాగాన్నే చూస్తూ నిలబడిపోయింది.

కాస్త దూరంలో బ్రేకు కీచుమంది. బస్సు ఆగింది.

ఆమె పరుగెత్తి ఎక్కేసరికి రొప్పుతోంది. డ్రైవరు నడివయసు మనిషి, అద్దంలోంచి చూశాడు.

"చెయ్యెత్తకపోతే ఎలాగమ్మా? ఎక్కుతావో లేదో నాకేం తెలుస్తుంది?"

"మరి ఆపారుగా?"

"నిలబడ్డ తీరు చూశాను" అన్నాడతను గేరు మారుస్తూ. "ఎక్కాల్సిన మనిషిలాగే ఉన్నావు. కూర్చో, పడిపోతావు."

ఆమె డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. లాండ్రీ మేడ మలుపు వెనక్కి పోయేదాకా ఆగి, మెల్లగా, ఎవరూ చూడకుండా, కుడిచేత్తో తలకన్నా ఎత్తునున్న కిటికీ కడ్డీ పట్టుకుంది. గేరు మార్చే ముందు డ్రైవరు భుజం ఒకసారి ముందుగా కిందికి వాలుతోంది. చూపు తిప్పుకుందామనుకుంది. తిప్పుకోలేదు. కాసేపటికి, బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, కాస్త ముందుకి వంగి అడిగింది.

"భుజం నొప్పిగా ఉందా అన్నా?"